వంకాయ రంగు రెక్కలు

నక్షా కాగితం పరిస్తే
ఎడమ రెక్క మగ్గం గుంటలోకి జారింది,
కుడి రెక్క గడప దాటి వీధిలో పడింది.
గ్రాఫు చూసి బుటా నేసే చేతికి
ఈ గీతలు కొత్తవి గావు.

పదకొండు నెలలు.
బాల్సా చెక్క బ్లేడుతో కోసి
ఎముక పక్కన ఎముక అతికించినా.
ఒకటి తలకిందులుగా అంటించి
మళ్లీ పీకినా. ఎవురికీ చెప్పల్యా.

రెక్కలకు ప్లాస్టిక్కు తొడగమన్యాడు అంగడాయన.
ధర్మవరంలో పుట్టి ప్లాస్టిక్కా?
మరక పడి వెనక్కొచ్చిన పట్టుచీర ఒకటుండాది,
వంకాయ రంగుది.
జరీ పోగులు మాత్రం లాగేసినా, బరువని.

రెండింజన్లూ ఒకేసారి తిప్పితే
నాకు రెండూ ఒకటే మోత.
కండెలు చుట్టుకుంటా నాగలచ్చుమ్మ
తలెత్తకుండానే అనింది:
"ఎడంది వెనకబడతాంది."
సూదిమర అరచుట్టు తిప్పినా.
"ఇంగొంచెం."
"ఇంగ."
"ఆఁ... ఇప్పుడు ఒక్క మగ్గం."

రేపు తెల్లారి రిమోటు చంకన పెట్టుకొని
చిత్రావతి ఇసకలోకి పోతాం.
ఎగురుతాదో, బండకు తగిలి పేలికవుతాదో.
మరకను మాత్రం రెక్క పైవైపుకు పెట్టినా.
కింద నిలబడినోళ్లకు కనపడదు.
గద్దలు చూస్తే చూసుకోనీ.