గడి లేని లెక్క

సెనిక్కాయ వేర్లను క్షారంలో ఉడకబెట్టి
కాస్త వెనిగర్, రెండు చుక్కలు నీలిసిరా పోశాను.
తిరుపతి భూసార పరీక్ష గదిలో
ఆ పూట అదే నా వంట.

పాకాల నుంచి పొద్దుటి బస్సుకే
కార్డు కోసం వచ్చింది చెంగమ్మ.
"బాస్వరం తక్కువంటావు.
మూడేండ్లుగా మూటలు మూటలు పోస్తా ఉండా,
యాడికి పోయినట్టు?"

యాడికీ పోలేదమ్మా.
నీ కయ్యలోనే, ఎర్రమట్టిలోని ఇనుము
దాన్ని కావిలించుకుని కూచుంది.
వేరు తన చుట్టూ ఉన్నదంతా ఊడ్చుకుంది.
ఇక జానెడు దూరమైనా
దానికి పరాయి ఊరే.

సూక్ష్మదర్శిని ఆమె వైపు తిప్పాను.
సూదిలో దారమెక్కించేటట్టు
ఒక కన్ను మూసింది.

వేరు లోపల నీలం పోగులు.
కణానికొక బుల్లి చెట్టు.

"బూజు గదా ఇది!"

బూజే.
నూగువేరు దూరని సందుల్లో దూరి
రవ్వంత రవ్వంత భాస్వరం మోసుకొస్తుంది.
ఆకు వండిన చక్కెర
కూలిగా పుచ్చుకుంటుంది.

చాలాసేపు కన్ను తీయలేదు.
"మా అవ్వ నాడు ఉప్పుబండి వచ్చేదంట.
చేటెడు రాగులకు చేటెడు ఉప్పు.
రూపాయి ఎవురు చూసినారు!"

ఎరువు జాస్తి పోస్తే
మొక్క చక్కెర పెట్టడం తగ్గిస్తుంది, అన్నాను.
"అప్పుడింక బండి రాదు,"
తనే అనేసింది.

లేస్తూ అడిగింది:
"నేను దున్నేటప్పుడు తెగతాయా ఇవి?"

కార్డులో పన్నెండు గళ్ళూ చూశాను.
పోగులకు గడి లేదు.
వెనక్కి తిప్పి, అదే సిరాతో
తక్కువ దున్నమని రాసిచ్చాను.

చదవలేదు. సిరా ఆరేదాకా ఊది
కొంగున ముడేసుకుంది.