నలభై మూడో మెట్టు

పోయిన ఉగాది తెల్లారి
గోవిందరాజుల గుట్ట కింద నిలబడి అనుకున్న:
మల్ల ఉగాదికి ఆగకుంట ఎక్కాలె.
మొక్కు కాదు. మొక్కైతే దేవునికి బాకీ.
ఇది నాకు నేను పడ్డ బాకీ.

ఇరవై ఆరేండ్లు కొత్తవాడల
రాట్నం ముంగట కూసొని కండెలు చుట్టిన.
రాట్నం తిరిగింది, నేను తిరగలే.
నా వేళ్ల మీదికెల్లి నడిచిపోయిన నూలు
జంపఖానాలై ఏయే ఊర్లు చూసిందో,
నేను పీట మీదనే.
ఎంజీఎంల డాక్టరమ్మ చీటీ మీద అంకె రాసి
"ఇంకొక్క మెట్టెక్కితే షుగరే" అన్నది.
ఏ మెట్టు ఎక్కొద్దో, ఏ మెట్లెక్కాల్నో
రెండూ ఒక్కనాడే తెలిసినయి.

మొదటి పొద్దు, నలభై మూడు.
నలభై మూడో మెట్టు మీద కూలబడ్డ.
గుండె పాత మరమగ్గం లెక్క టకటక కొట్టుకుంది.
రెండు రెండు మెట్లు దాటుకుంట పోయిన పోరగాడొకడు
పైదాంక పోయి, మల్ల కిందికొచ్చి,
"అమ్మా, నీళ్లు కావాల్నా" అన్నడు.
సిగ్గుకు దప్పిక గూడ పోయింది.

మా చిన్నది నవత చౌరస్తాల బేరమాడి
తెల్ల బూట్లు తెచ్చింది.
చీర కింద బూట్లు చూసి వాడకట్టంత ముసిముసి.
"ఏం వదినా, కానిస్టేబుల్ పరీక్షకా?"
అన్నది ఆడెపు సులోచన.
అవునన్న.

ఎక్కిన రోజుకు పోగుల ఒక ముడి.
ఎక్కని రోజుకు వేలెడు ఖాళీ.
దర్వాజ మొలకు వేలాడదీసిన.

ఎండకాలం రాయి రాత్రంత సల్లారలే,
నాలుగున్నరకే లేవాల్సొచ్చె.
వానకాలం నాచు మీద జారి
మోకాలు పగిలింది.
ఇరవై రెండు రోజులు మంచం మీదికెల్లి
పోగునే చూసుడు, ఉత్త పోగు,
ముడి లేకుంట కిందికి జారుకుంట.
ఇగ సాలించు అంటడేమో అనుకున్న మా ఆయన
ఒక పొద్దున్న ఏం మాట్లాడకుంట
తడిసిన బూట్లల్ల పేపర్ ముక్కలు కుక్కి
పొయ్యి పక్కన ఆరవెట్టిండు.

బతుకమ్మ తొమ్మిది రోజులు గుట్ట దిక్కు పోలే.
గుండ్రంగ తిరిగింది లెక్కల కొస్తదా
అని నవతనడిగిన.
"సగం ముడి వెయ్యి" అన్నది.
సగం ముడి ఎట్లేస్తరో
పద్మశాలోళ్ల పిల్లకే తెల్వదు.

చలికాలం మంచుల గుట్ట సగమే కనవడేది.
కనవడ్డంతే ఎక్కుదామని పోతే
ఇంకొంచెం కనవడేది.

సంక్రాంతి దాటినంక డాక్టరమ్మ కొత్త అంకె చూసి
కండ్లద్దాలు తుడుచుకొని మల్ల చూసింది.

ఉగాది రానే వచ్చింది.
రెండు పార్లు ఆగిన.
ఇంటికొచ్చి పచ్చడి తిన్న, చేదే తగిలింది.
ఎవ్వరడగలే, నేను చెప్పలే.

పదకొండు రోజులకు, ఉత్త గురువారం.
సేటు ఇయ్యాల్సిన పైసలు
యాది చేసుకుంట ఎక్కుతున్న.
పాతవి ఎనిమిది వందలు, మొన్నటివి పన్నెండు,
నడుమ ఇచ్చినవి తీసేస్తే...
లెక్క తేలేసరికి మెట్లు అయిపోయినయి.

కింద స్టేషన్ల బండి కూత.
కొత్తవాడ పెంకలన్ని ఒక్క తీరే,
మా ఇల్లేదో గుర్తువట్టలేకపోయిన.
ఊపిరి ఉన్నది, నా దగ్గరనే ఉన్నది.

నలభై మూడోది ఎప్పుడు దాటిన్నో తెల్వదు.
కిందిదాంక దిగి, మల్ల ఒకటి నుంచి లెక్కవెట్టి
ఎక్కి, దాని మీద కూసున్న.
దమ్ము కోసం కాదు.
పదకొండు రోజుల వడ్డీ.

పోగు మగ్గానికి ఎక్కియ్యమంటే మా ఆయన నవ్విండు:
"ముడులు అచ్చుల దూరయే."
అయితే నెయ్యకన్న.
మొలకే ఉండనీ.

అప్పటికే ఏడు కొట్టింది.
కండెలు చుట్టాలె.