మూడో గడి

ఒకాలాలో ఆగస్టు.
మధ్యాహ్నం రెండింటికి తారు
చెప్పులకి అంటుకుని సాగుతోంది.
నా చేతిలో అట్ట, అట్టకి క్లిప్పు,
క్లిప్పు కింద నలభై ఒక్క చిరునామాలు.
పద్దెనిమిదింటిలో సగం తలుపులు తెరుచుకోలేదు.
ఒకచోట మాత్రం కుక్క మాట్లాడింది.

పంతొమ్మిదోది ఇల్లు కాదు,
నాణేలేస్తే తిరిగే బట్టల మిషన్ల దుకాణం.
వెనక గదిలో ఉంటాడు డ్యూవిట్ ఫెయిర్‌క్లాత్,
అరవై రెండేళ్ళవాడు,
ఎవరివో దుప్పట్లు మడత పెడుతున్నాడు.
మూల మూలకి, అంచు అంచుకి,
కొలబద్ద పెట్టినట్టు.
ఆ మడత నాకు తెలుసు.
బయట ఎవరూ నేర్పరు దాన్ని.

"ఏ పార్టీ?" తలెత్తకుండానే.
ఏ పార్టీ కాదన్నాను.
"మరి జీతం ఎవరిస్తారు?"
ఒక సంఘం. గంటకి పదిహేను డాలర్లు, నీళ్ళ సీసా ఉచితం.
నవ్వాడు. కిందివరసలో ఒక పన్ను లేదు.

సొరుగులోంచి నున్నటి కార్డులు తీసి
ఇస్త్రీ బల్ల మీద పరిచాడు, పేకముక్కల్లా.
మూడు వారాల్లో పదకొండు.
గుర్రం మెడ నిమురుతూ ఒకాయన,
చర్చి మెట్ల మీద ఒకామె.
డ్యూవిట్, మాకు మీ గొంతు కావాలి.

"ఈ పేరు వీళ్ళకెక్కడిది?
పంతొమ్మిదేళ్ళు నాకు పేరు లేదు, అంకె ఉండేది.
ఆ అంకెకే మా అమ్మ ఉత్తరాలు రాసేది.
గొంతట!
చివరిసారి నన్ను నోరు విప్పమన్నది జడ్జి,
ఒప్పుకుంటున్నావా లేదా అని.
లాయరు మోచేత్తో పొడిచాడు.
ఒప్పుకున్నాను."

మిషను గాజు వెనక ఎవరివో తెల్లచొక్కాలు
నురగలో తలకిందులై చేతులూపుతున్నాయి.

ఫారం తీశాను.
మొదటి గడి, పౌరుణ్ణే.
రెండోది, పద్దెనిమిదేళ్ళు నిండాయి. మళ్ళీ నవ్వు.
మూడోదాని దగ్గర పెన్ను ఆగింది.
శిక్ష పడిందా, పడితే హక్కు తిరిగొచ్చిందా.
"వచ్చిందా?" అని నన్నే అడిగాడు.

ప్రతి ఇంట్లోనూ ఇక్కడే నా గొంతు ఎండుతుంది.
జైలు తీరింది, పెరోలు తీరింది,
కోర్టు ఖర్చుల బాకీ ఏ మూలో మిగిలుంటే మాత్రం రాలేదు.
ఎంత మిగిలింది?
ఒక కిటికీలో నాలుగు వందల పన్నెండంటారు.
పక్క కిటికీలో, మా పుస్తకంలో నీ పేరే లేదు పొమ్మంటారు.
మూడో కిటికీ భోజనానికి వెళ్ళింది.
ఈలోగా తప్పు గడిలో టిక్కు పెడితే
ఆ టిక్కే నేరం.

ఇదంతా మాకిచ్చిన పాఠంలో లేదు. నేను చెప్తాను.
చెప్పనివాళ్ళు రోజుకి పాతిక సంతకాలు తెస్తారు.
నావి ఆరు, మంచి రోజైతే ఏడు.
"మీరు మరీ ఎక్కువ మాట్లాడతారు రెనీటా"
అంటాడు మా సూపర్‌వైజరు బ్రాంట్,
నా కొడుకు కన్నా చిన్నవాడు.

అట్ట పక్కన పెట్టి
దుప్పటి రెండో కొస అందుకున్నాను.
మడిచాం. మూల మూలకి.
నా చేతుల వంకే చూశాడు.
"ఎన్నేళ్ళు?"
ఏడు. చెక్కులు. మా పిన్ని సంతకం.
"నాది పెట్రోలు బంకు" అన్నాడు.
ఇంకో దుప్పటి తీశాం.

సంతకం పెట్టలేదు. చింపనూ లేదు.
ఫారాన్ని కూడా అదే మడత మడిచి
చొక్కా జేబులో పెట్టుకున్నాడు.
"మంగళవారం ఆ కిటికీల దగ్గరికి నాతో వస్తావా?
ఆ భవనం మెట్లెక్కితే చాలు
నా చేతులు వాటంతటవే వీపు వెనక్కి పోతాయి.
ఎవరో ఒకరు పక్కన ఉండి గుర్తుచెయ్యాలి."

వస్తానన్నాను.
ఇరవయ్యో గుమ్మం ముందు జాబితా విప్పాను.
పేరు పేరుకీ ఎదురుగా మూడే మాటలు అచ్చేశారు:
ఒప్పుకున్నారు, ఒప్పుకోలేదు, ఇంట్లో లేరు.
ఏది చుట్టాలా అని చూస్తూ
జేబులో వెతికితే పెన్ను లేదు.
అతని దగ్గరే ఉండిపోయింది.