నా పేరు ఖరీదు

లోను మంజూరు చేసిన బ్యాంకే
ఏజెంటునూ చూసిపెడతానంది.
పదకొండు ప్రశ్నలు. ఎన్ని గదులు, ఎంతలో, ఎప్పటికి.
తూర్పు వాకిలేనా అన్నదానికి
ఏదైనా పర్లేదు అని నొక్కి,
హిందూపురంలో మా చిన్నత్త వినలేదు కదా అని
అటూ ఇటూ చూశాను.
ఇరవై నిమిషాల్లో ఫోన్లోకి ఒక పేరొచ్చింది:
గిరిజాంబ, హొరమావు, అనుభవం పందొమ్మిదేళ్లు.

బెంగళూరులో నా గదీ, గ్యాసు బండా, పాలావిడా
ఎవరో ఒకరు చెబితే వచ్చినవే.
ముబీనా పంపిందంటే చాలు,
చేపలబ్బాయి అడక్కుండానే మొప్ప ఎత్తి చూపిస్తాడు.
బ్యాంకు పంపిందంటే
ఎవరి మొహం తలుచుకోవాలి?

ఆవిడ స్కూటీ మీద వచ్చింది.
డిక్కీలో గొడుగు, టేపు, ఒక స్టీలు టార్చి, గాజు గ్లాసు.
మొదటి ఇంట్లో హాలు చూడనేలేదు,
తిన్నగా పోయి సంపు మూత ఎత్తింది.
రెండో ఇంట్లో కుళాయి తిప్పి గ్లాసు నింపి
ఎండకెత్తి పట్టి,
"టాంకరు నీళ్లు మేడం. కావేరి వచ్చింది పైపు వరకే" అంది.
మూడోది నాకు నచ్చింది.
బాల్కనీకి చెయ్యందేంత దూరంలో ఆకాశమల్లె,
వంటింటి కిటికీలోంచి రైలు కూత.
ఆవిడ కాగితాలు చూసి "బి ఖాతా" అంది,
పెళ్లివారితో కుజదోషం సంగతి చెప్పినంత మెల్లగా.

నేనూ ఊరికే లేను.
ఫిజియోథెరపీలో పద్నాలుగేళ్లు.
నాకు మెట్లంటే మోకాళ్లే.
రెండో అంతస్తు దాటగానే
ఆవిడ ఎడమకాలు ముందు వెయ్యడం మానేసింది.
కుడికాలు ఎక్కాక ఎడమది వెనకాలే చేరుతోంది,
బడికి పోనని మొరాయించే పిల్లలా.
ఆవిడ గోడలు తట్టి వింటోంది,
నేను ఆవిడ నడక వింటున్నాను.

దర్శినిలో నిలబడి కాఫీ తాగుతూ చెప్పింది:
"ఇల్లు కుదిరితే నా కమిషన్లో రూపాయికి పావలా
మీ పేరు పంపినవాళ్లకే."
"నా పేరుకా?"
"మరి? పేరు ఊరికే వస్తుందా?"
కోపం రావాల్సింది.
లోపల లెక్కేసుకున్నాను.
తులజ అనే మూడక్షరాలకి
నా ఒక నెల అద్దె.
"నాకెందుకు చెప్పారు ఇదంతా?"
"అడగనివాళ్లకే చెప్పాలి మేడం,
అడిగేవాళ్లకి ఎలాగూ తెలుసు."

అప్పుడు గుర్తొచ్చాయి పచ్చ చీటీలు.
పొద్దున్నే నా బల్ల మీదికొస్తాయి, మనిషి కంటే ముందు.
పై మూలన చిన్న అంకెలు, పంపిన డాక్టరువి.
నెలాఖరున ఎవరో వాటికి రబ్బరు బ్యాండేసి పట్టుకుపోతారు.
పద్నాలుగేళ్లుగా మోకాళ్లు వంచి చూస్తున్నాను,
ఆ మూల చూడలేదు.
చూడలేదా,
చదవలేదా.

ఇల్లింకా కుదరలేదు.
ఆకాశమల్లె ఇంటి మీదికే నా మనసు పోతుంటే
రూపాయీ అందులో పావలా రెండూ వదిలేసి
ఆవిడే ఫోన్ చేసి వద్దంటోంది.
మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలు అని
బ్యాంకు రోజూ అడుగుతోంది.
మీ స్నేహితుల్లో ఒకరి పేరు చెప్పండి, బహుమతి అంటోంది.
ముబీనా కూడా ఇల్లు వెతుకుతోంది.
ఆమె పేరు టైపు చేసి, చెరిపేసి,
గిరిజాంబ నెంబరు చేతిరాతతో ఇచ్చాను.

నిన్న ఆవిడకో కాగితం రాశాను.
కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్ట,
కిందికి నొక్కి పది అంకెలు లెక్కపెట్టి వదలాలి,
రోజుకు మూడుసార్లు.
అడుగున విల్సన్ గార్డెన్‌లో ఒక ఎముకల డాక్టరు పేరు.
మూలన ఏ అంకె లేదు.
ఆవిడ ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి
ఇటు తిప్పి, అటు తిప్పి,
"ఈయన మీకెంతిస్తాడు?" అంది.

నేను నవ్వాను.
ఆవిడ నవ్వలేదు.
హెల్మెట్ చేత్తో పట్టుకుని
జవాబు కోసం ఆగింది.