ఆవిరి ఆగే దినాలు

నల్లగొండ గడియారం కాడ, జిరాక్సు షాపు మీద నా ఆఫీసు.
పొద్దంతా కాయితం కాలిన వాసన మెట్లెక్కి వస్తది.
వాసన వెనకాలే మనుషులు,
చాన మట్టుకు సంతకం పెట్టినంకనే.

"జర చూడున్రి మేడం" అంటరు.
చూస్త.
వరద పోయినంక కట్ట పోసినట్టు
పేజీ వెనక పేజీ తిప్పుత.

చిట్యాల పైపుల కంపెనీ ఆయన గట్లనే వచ్చిండు.
అప్పు కంపెనీ పేరు మీద,
పూచీ కాయితం ఆయన పేరు మీద.
కంపెనీకీ మనిషికీ నడుమ ఒక గోడ ఉంటదని
పెట్టిన్నాడు ఎవరూ చెప్పలే.
ఆ గోడకు ఆయనే తలుపు తీసిచ్చిండు,
తాళంచెవితో సహా.
ఇప్పుడు కిరాయింట్ల ఉంటున్నడు.

రేపాల పద్మజ మాత్రం ముందుగాల్నే వచ్చింది.
మిర్యాలగూడల ఉప్పుడు బియ్యం మిల్లు.
కొత్త డ్రయ్యరుకు
పట్నం ఫైనాన్సోళ్ళు ఆరు కోట్లు ఇస్తమన్నరు.
అరవై ఒక్క పేజీలు, స్పైరల్ బైండింగు.
సంతకానికి పెన్ను గూడ వాళ్ళే పంపిన్రు, డబ్బాల పెట్టి.

"శుక్రవారం పెట్టాలె" అన్నది.
"ఎవరు చెప్పిన శుక్రవారం?"
ఆమె నవ్వలే. కుర్చీ ముందుకు జరుపుకున్నది.

రెండు రాత్రులు చదివిన.
ఇంగ్లీషు వస్తే సరిపోని ఇంగ్లీషు.
వడ్డీ కాడ తిరకాసు లేదు, తాకట్టు కాడ లేదు.
పద్నాలుగో క్లాజుల ఓ చిన్న వాక్యం:
ఉత్పత్తి వరుసగా పదిహేను దినాలు ఆగితే
మొత్తం బాకీ ఆ దినమే కట్టాలె.

నడిచే మిల్లు ఎందుకాగుతది అనుకున్న.
పచ్చ పెన్నుతోని టిక్కు పెట్టిన.
ఈ ముచ్చట ఇన్నేండ్లు ఎవ్వరికీ చెప్పలే.

తెల్లారి మిల్లు చూడబోయిన.
బాయిలరు ముంగట సైదులు
పారతోని ఊక ఎత్తిపోస్తున్నడు.
కనుబొమ్మలు లేవు, ఎన్నడో కాలినయట.
ఊకెనే అడిగిన, "ఇది ఎన్నడన్న ఆరుతదా?"

"ఆరకేంజేస్తది మేడం!
యాసంగి వడ్లు ఒడిసినంక, వానకాలం గింజ దిగకముందు
పైపులు తోముడు, ఇటుకలు మార్చుడు,
ఇన్‌స్పెక్టరు సారు వచ్చి ముద్ర గుద్దుడు.
ఏటా ఇరవై దినాలు.
ఆ సారుకు జరమొస్తే నెల."

ఇరవైల నుంచి పదిహేను.
తీసివేత బడిల నేర్పిన్రు.
ఎక్కడ తీసెయ్యాల్నో
ఊక దుమ్ముల నిలబెట్టి సైదులు నేర్పిండు.

పట్నం వకీలుకు ఫోను చేసిన.
"ఇది అందరికీ ఉండే క్లాజే మేడం."
"అందరికీ బాయిలరు ఉంటదా సార్?"
ఓ శుక్రవారం పోయింది. ఇంకోటి పోయింది.
"వకీలును పెట్టి వచ్చే లోను చెడగొడుతున్నవు" అని
పద్మజ మీద ఆమె మరిది లేచిండట.
ఆమె ఆ మాట నాకు చెప్పి
"మీరు కానియ్యిన్రి" అన్నది.

ఆఖరికి ఒక తోక అతికిచ్చినం:
ఏటా జరిగే మరమ్మతు దినాలు మినహా.
అయిదు మాటలు.
నా ఫీజు మాటకింత అని మరిది లెక్క కట్టిండట,
కట్టనియ్యి.

పూచీ కాడ మాత్రం ఓడిపోయిన.
తీసెయ్యమంటే సగానికి తగ్గించిన్రు.
ఆమె ఇల్లు సగం ఇంకా ఆ అరవై ఒక్క పేజీలల్లనే ఉన్నది,
ఏ గదులో తెలవదు.

శ్రావణంల ఓ పొద్దుగాల ఫోనొచ్చింది.
"ఇయ్యాల పదహారో దినం మేడం."
"అవును" అన్న.
ఆమె వెనక మిల్లు చప్పుడు లేదు.
ఇద్దరం కొంచెంసేపు
అదే విన్నం.