అచ్చుతప్పు

నలభై మూడేండ్లకు
నా మెడల కొత్త బిళ్ళ ఒకటి వేలాడుతున్నది.
బాలకిషన్, అప్రెంటిస్, డయాలసిస్ విభాగం.
ఫొటోల నా మొఖం
బడిల ఫీజు కట్టని పోరని లెక్కున్నది.

ఇరవై రెండేండ్లు ఛత్తాబజార్ల
ఎవరెవరి పెండ్లిళ్ళో నా చేతులమీదికెంచే పోయినయి.
పసుపు కార్డు, గులాబి కార్డు, మఖ్మల్ అట్ట,
ఉర్దూది కుడికెంచి, తెలుగుది ఎడమకెంచి,
బంగారు రేకుల గణపతి.
తర్వాత పిలుపులన్నీ ఫోన్లకెక్కినయి.
సేటు ఏమనలే. ఆ దినం చాయ్ మాత్రం
ఒకటి ఎక్కువ తాగిచ్చిండు.
మిషిన్ను తూకానికి అమ్మిండు.
దాన్నెక్కిచ్చిన ట్రాలీ వెనుక
దారుల్‌షిఫా దాకా నడిచిన,
ఎందుకో తెలువది.

ఈడ నాకు నేర్పేది ఫిర్దౌస్.
ఇరవై నాలుగేండ్ల పిల్ల.
"అంకుల్, చేతులు మళ్ళ కడుగుండ్రి."
కడుగుత.
"గోర్ల సందుల అదేంది?"
సిరా అమ్మా, అది పోదు.
"పోతది" అని బ్రష్ చేతిల పెట్టింది.
మూడు వారాలకు పోయింది.
ఆ రాత్రి అన్నం కలుపుతుంటే
ఎవరియో వేళ్ళు నా కంచంల ఉన్నట్టనిపిచ్చింది.

మొదటి దినం మిషిన్ను చూసి నవ్వొచ్చింది.
అదే రోలర్.
గుండ్రంగ తిరుక్కుంట, ఒత్తుకుంట, ముందుకు తోసుడు.
మాకాడ సిరా.
పైపుల ఏమున్నదో చూసినంక
నవ్వు ఆగింది.

"సూది తర్వాత. ముందు చెయ్యి పెట్టి చూడుండ్రి."
ఇమ్మానియేలు సారు మోచేతి కింద
ఉబ్బిన నరం మీద మూడు వేళ్ళు పెట్టిన.
సన్నగ గుర్రుమన్నది.
బేరింగు మంచిగున్న మోటరు మీద
చెయ్యి పెడితే ఎట్లుంటదో అట్ల.
"మంచిగ నడుస్తున్నది" అన్న.
ఫిర్దౌస్ నా దిక్కు
ఫస్టుసారి పని తెలిసినోన్ని చూసినట్టు చూసింది.

జీతం కాదు, స్టైపెండ్ అంటరు.
సేటు ఇచ్చినదాంట్ల సగం.
సుగుణ లెక్క రాసుకునే నోట్‌బుక్కుల
పాల కాడ ఒక గీత, నా సిగరెట్ల కాడ రెండు గీతలు.

ఓ శుక్రారం రంగమణమ్మ అడిగింది,
అంతకుముందు ఏం జేసెటోనివని.
చెప్పిన.
"తప్పులు పడేటియా?"
ఒక్కసారి పడ్డది. లగ్నం పగలైతే రాత్రని అచ్చయింది,
ఐదు వందల కార్డులు.
"మరేం జేసినవ్?"
చిన్న చీటీలు కొట్టి, తెల్లారేదాకా కూసోని
ఒక్కొక్కదాని మీద అతికిచ్చిన.
ఆమె ఎంత నవ్విందంటే
చెయ్యి కదిలి మిషిన్ మొత్తుకున్నది.

పది దినాలైనంక
ఆమెదే రిజిస్టర్ల బరువు రాసిన.
నీళ్ళు తీసినంక ఉండాల్సింది యాభై నాలుగు.
నలభై ఐదని రాసిన.
బంగారు రేకు బ్లాకుల మీద పేర్లను
అద్దంల లెక్క తిరగేసి చదివిన కండ్లు నాయి,
రాసిందాన్ని చూసి మంచిగున్నదనే అన్నయి.
ఫిర్దౌస్ బటన్ మీద వేలు ఆపి
మెల్లగ అడిగింది:
"పదకొండు లీటర్లు గుంజుతమా అంకుల్?"

తిట్టలే. తిడితే బాగుండు.
మలక్‌పేట స్టేషన్ల రెండు రైళ్ళు పోనిచ్చిన.
చేతిల చీటీలు లేవు, జిగురు లేదు.
మూడో రైలుకు ఎక్కిన, జాగ లేదు, నిలబడ్డ.

తెల్లారి వస్తనో రానో అనుకున్నట్టున్నది,
నన్ను చూసి ఫిర్దౌస్
చేతులు కడుక్కోమని మాత్రమే అన్నది.

నిన్న రంగమణమ్మ ఫోన్ చూపెట్టింది.
మనుమరాలి పెండ్లి పిలుపు,
పూలు వాటంతటవే రాలుతున్నయి దాంట్ల.
చూసిన. పైన పెద్దక్షరాల్ల
'శుభలేక' అని ఉన్నది.
అమ్మా, అది 'ఖ' కావాలె,
ఇట్లుంటే శుభం లేక అయితది.
ఆమె నెత్తి కొట్టుకొని మనుమరాలికి ఫోన్ చేసింది.
ఒక్క నిమిషంల దిద్ది పంపిరి.
ఒక్క నిమిషం.

నేను తక్కెడ దగ్గరికి గుంజిన.
రిజిస్టర్ తెరిచి, ఆమెకు ఇనబడేటట్టు
ఒక్కొక్క అంకె చదువుత ఇప్పుడు.
ఉండాల్సింది: ఐదు. నాలుగు.
ఐదు, నాలుగు, అంటది ఆమె
ఎక్కాలు ఒప్పజెప్పినట్టు,
చెప్పులిడిచి తక్కెడ ఎక్కుకుంట.