దించడం

ఆదోనిలో, మార్కెట్ యార్డుకు పోయే దోవలో
టైర్ల అంగడి మీది మిద్దె నాది.
రెండు బెంచీలు, పగులు పట్టిన అద్దం,
పెయింట్ డబ్బాల్లో సిమెంటు పోసి
కడ్డీకి నేనే బిగించిన బరువులు.
గోడ మీద నల్ల రంగుతో రాసిపెట్టినా:
సోమవారం, బుధవారం, శుక్రవారం.
అంతే.

పదిహేనేండ్ల ఉరుకుందు వచ్చిన మొదటి రోజే
చొక్కా విప్పి అద్దంలో చూసుకున్నాడు.
వాడి పక్కటెముకలు ఎన్నో
తలుపు కాణ్ణుంచే ఎంచేసినా నేను.
"జిల్లా కబడ్డీ సెలక్షన్లకు నలభై రోజులుంది సార్.
రోజూ వస్తే చాలునా? రెండు పూటలా రమ్మంటారా?"

నవ్వొచ్చింది.
నేను ఆ మాట అడక్కుండానే చేసి
పద్దెనిమిదో ఏట నడుము పట్టేసి
మూడు నెలలు నులక మంచానికి అంటుకుపోయినోణ్ని.

చెప్పినా:
కండ ఇక్కడ పెరగదు అబ్బీ, ఇక్కడ చినుగుతుంది.
పెరిగేది నువ్వు పండుకున్నప్పుడు.
మీయమ్మ చేసిన జొన్నరొట్టె, నానబెట్టిన బుడ్డలు,
దొరికిన రోజు రెండు గుడ్లు
లోపలికి పోయి కూర్చుంటాయి,
రాత్రంతా ఒక దర్జీ చినిగినచోటల్లా కుడతా ఉంటాడు.
వానికి టైం ఇయ్యల్ల.
డబ్బా పొడి జోలికి పోవద్దు,
ఆ డబ్బులకు మీ ఇంట్లో నెల బియ్యం వస్తాయి.
ఇంకొకటి. ఎత్తడం ఎవనికైనా వస్తుంది.
దించడం నేర్చుకో. మెల్లగా. మూడు లెక్కబెట్టి.

తల ఊపినాడు. ధడేల్‌మని దించినాడు.
కింద నుంచి టైర్ల ఖాదర్‌వలి కేకేసినాడు,
పంకా ఊడి నెత్తిన పడుతుందని.

మంగళవారం వచ్చినాడు. తలుపు తీయలేదు.
గురువారం వచ్చినాడు. మెట్ల మీదే కూర్చోబెట్టి
ఉగ్గాని తినిపించి పంపించినా.
శుక్రవారం చేయి తల దాటి లేయలేదు.
కాలరు పక్కకు లాగి చూస్తే
మెడ వెనక తోలు కమిలి ఉంది,
చెమటకు అంటుకొని దూది పోగు ఒకటి.

"మీరు తలుపు మూసినారు గదా సార్,
యార్డు తలుపు తెరిచే ఉంటది."

సాయంత్రం యార్డుకు పోయినా.
వేలం అయిపోయి, లారీకి పత్తి బోరేలు ఎక్కుతున్నాయి.
తిక్కన్న ఎవరని అడగాల్సిన పని పడలేదు,
అవే పక్కటెముకలు.
కాడి కింద ఎద్దు మెడకు లేచినట్టు ఒక గడ్డ.
కుడి భుజం ఎడమదానికి రెండింతలు.
ముప్పై ఏండ్లుగా ఒకే పక్కన చేసిన కసరత్తు.

"మా వాడు వారానికెన్ని దినాలు ఎత్తల్ల సార్?"
"మూడు."
"తక్కిన నాలుగు?"
"తినల్ల. పండుకోవల్ల."
తువ్వాలు విదిలించి మళ్లీ మెడ మీద మడిచి పెట్టుకున్నాడు.
"బాగుండాది," అన్నాడు,
బోరెం కిందికి వంగుతా.

ఆ రాత్రి హాజరు పుస్తకంలో కొత్త గీత కొట్టినా:
యార్డుకు పోయిన రోజు కూడా ఎత్తినట్టే లెక్క,
మరుసటి దినం ఇక్కడ వాడికి తలుపు మూసే ఉంటది.
ఉరుకుందు ఆ గీతను శానాసేపు చూసినాడు.
"మా నాయన పేరు కూడా రాస్తారా సార్, దీంట్లో?"

పెన్ను మూత పెట్టినా. పలకలేదు.

అమావాస్య సోమవారం పడింది, యార్డు బంద్.
కొడుకు ఏం చేస్తాడో చూస్తానని
తిక్కన్న మెట్లెక్కి వచ్చినాడు.
బెంచీ మీద కూర్చున్నాడు, వాలినాడు,
పది నిమిషాలకే గురక.
బెంచీ కోసం నిలబడిన పిల్లోళ్లు ఇద్దరు నా తట్టు చూసినారు.
నోటి మీద వేలు పెట్టినా.

ఉరుకుందు కడ్డీ ఎత్తినాడు.
పదో సారికి చేతులు వణుకుతున్నాయి.
బెంచీ వైపు ఒక్క చూపు చూసి
దించినాడు,
ఒకటి,
రెండు,
మూడు.
సిమెంటు డబ్బా నేలను తాకింది
కింద ఖాదర్‌వలికి కూడా తెలియకుండా.